రక్తనాళములలో పూడిక

దుమ్ముగూడెము వద్ద గోదావరికి అడ్డముగా కట్టిన పాత ఆనకట్టను, దాని ప్రక్కగా పోవు లాకుల కాలువను మన శ్రోతలలో కొందరైనను చూచియుందురు. సముద్రతీరము మొదలుకొని నడిమి దేశపు ప్రత్తి భూముల వరకు గోదావరిపై పడవలు నడపవలెనని పందొమ్మిదవ శతాబ్దమున ఒక పెద్ద యత్నము జరిగినది. 1852లో ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన ఆర్థర్ కాటన్ ఆ యత్నమును గట్టిగా బలపరచినవాడు. హేగ్ అను ఇంజనీరు దానిని పనిలో పెట్టినవాడు. నది రాళ్ళమీదుగా పడుచు పరుగెత్తు మూడు తావులను మూడు అడ్డంకులుగా లెక్కించి, అందు మొదటిదియగు దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు, లాకులతో కూడిన కాలువయు కట్టించిరి. 1871లో ప్రభుత్వము వారు ఆ పనిని విడిచిపెట్టిరి. పడవల రాకపోకలకై త్రవ్విన కాలువకు పడవలు రాకపోయినచో ఏమగును? ఒండ్రు చేరును, గడ్డి మొలచును, గట్టు కరగును.

ఆ ప్రాంతమున మేము వైద్యము చేయుచున్న దినములలో రోగులకు ఆ కాలువనే ఉపమానముగా చెప్పుట మాకు అలవాటు. "మీ రక్తములో కొలెస్టరాలు ఎక్కువగా ఉన్నది. అది కాలువలో ఒండ్రువలె నాళములలో పేరుకొనును. మందు పూడిక తీయును" అని చెప్పెడివారము. వినువారికి సులభముగా బోధపడెడిది. చెప్పినవారికిని తృప్తిగా నుండెడిది. అయితే ఆ ఉపమానము వలన ఒక మనిషి ప్రాణము పోవలసినంత పని జరిగినది. ఈనాటి ప్రసంగమునకు అదియే కారణము.

ఆయన పడవ నడుపుకొని బ్రతుకు మనిషి. పేరు చెప్పుట మర్యాద కాదు. ఈ దరినుండి ఆ దరికి మనుషులను, మేకలను, వడ్ల బస్తాలను చేర్చుచు ముప్పది సంవత్సరములు గోదావరిమీద గడిపినాడు. ఒడలు కఱ్ఱవలె ఉండును; పొట్ట అనునది లేదు. తమ్ముడు 41 ఏండ్లకే ఒకనాటి తెల్లవారుజామున గుండెపోటుతో పోయినాడు. ఆ భయముచేత ఆయన రక్తపరీక్ష చేయించుకొని ఆ కాగితము పట్టుకొని మా వద్దకు వచ్చెను. డెసిలీటరు రక్తమునకు మొత్తము కొలెస్టరాలు 318 మిల్లీగ్రాములు, అందు ఎల్.డి.ఎల్. అను భాగము 236. మేము మాత్ర వ్రాసి, యథాప్రకారము కాలువ కథ చెప్పితిమి. మూడు నెలలకు మరల పరీక్ష చేయగా ఎల్.డి.ఎల్. 128కి దిగినది. ఆయన సంతోషించి వెళ్ళెను. ఆ తరువాత రెండేండ్లు మా కంటబడలేదు.

2022 జులైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. 1986 ఆగస్టులో 75 అడుగులు దాటిన తరువాత అంతటి వరద మరల చూచుట అదే. నీరు తీసిన తరువాత ఆయన ఇంటిలో మోకాలిలోతు ఒండ్రు నిలిచినది. పారతో దానిని ఎత్తిపోయుచుండగా రొమ్ములో బండ పెట్టినట్లయి, చెమటలు పట్టి, ఆయన గోడకు చేరగిలబడెను. దారి ఇంకను పూర్తిగా తెరవలేదు. కొంతదూరము ట్రాక్టరు మీద, కొంతదూరము ఆటోలో భద్రాచలమునకు చేర్చిరి. బ్రతికెను. మేము చూడబోయినప్పుడు, "మాత్రలు ఎప్పుడు మానితివయ్యా?" అని అడిగితిమి. "అయ్యా, పూడిక తగ్గిందని మీరే చెప్తిరి గదా. తీసిన కాలువను మళ్ళ మళ్ళ తీస్తరా? అందుకని మానుకొన్న" అనెను.

దానికి మా వద్ద సమాధానము లేకపోయినది. ఆయన తర్కములో తప్పు లేదు. తప్పు మా ఉపమానములో ఉన్నది. రక్తనాళము కాలువ వంటిదే కావచ్చును గాని, అందు చేరు కొవ్వు కాలువ అడుగున పేరుకొను ఒండ్రు వంటిది కాదు. ఈ భేదము తెలియనిచో కొలెస్టరాలును గురించి తెలిసికొనవలసినది ఏదియు తెలియదు. కనుక మొదటినుండి మొదలుపెట్టుదము.

కొలెస్టరాలు విషము కాదు. మొదట అది మనుష్యుల పిత్తాశయపు రాళ్ళలో కనబడినది. 1815 ప్రాంతమున షెవ్రెల్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు గ్రీకుభాషలో పైత్యరసమునకును, గట్టిదనమునకును గల మాటలను జోడించి దానికి పేరు పెట్టెను. మన శరీరములోని ప్రతి జీవకణపు పొరలోను అది ఉన్నది. మెదడు బరువు శరీరపు బరువులో ఏబదవ వంతైనను, శరీరములోని కొలెస్టరాలులో దాదాపు అయిదవ వంతు మెదడులోనే ఉండును. అన్నము జీర్ణించుటకు కావలసిన పైత్యరస లవణములు, స్త్రీ పురుష లక్షణములను కలిగించు హార్మోనులు, ఎండ తగిలినప్పుడు చర్మములో పుట్టు డి విటమిను, ఇవన్నియు దానినుండియో, దాని సంబంధులనుండియో పుట్టుచున్నవి. కనుకనే శరీరము దానిని ఆహారమునకు విడిచిపెట్టక తానే తయారు చేసికొనును. కాలేయము అందు ప్రధానమైన కార్ఖానా. మాంసము, గ్రుడ్డు ముట్టనివారి రక్తములో కూడ కొలెస్టరాలు ఉండుటకు కారణమిదియే. "నేను పుట్టినది మొదలు శాకాహారిని, నాకు కొలెస్టరాలు ఎట్లు వచ్చును?" అని నొచ్చుకొనువారు మాకు తరుచుగా తటస్థపడుదురు.

కొవ్వు నీటిలో కలియదు. రక్తము చాలవరకు నీరు. కాలేయమునుండి కొలెస్టరాలు దూరపు కణములకు పోవలెనన్న పడవ కావలెను. లోపల కొవ్వు, పైన మాంసకృత్తుల తొడుగు గల సూక్ష్మమైన ఉండలే ఆ పడవలు. సరకును బయటికి చేర్చు పడవలలో ముఖ్యమైనది ఎల్.డి.ఎల్.; మిగిలిన సరకును తిరిగి కాలేయమునకు చేర్చుటలో తోడ్పడునది హెచ్.డి.ఎల్. ఈ రెంటిని చెడ్డ కొలెస్టరాలు, మంచి కొలెస్టరాలు అని పిలుచుట వాడుకయైనది. నిజమునకు సరకు ఒక్కటే, పడవలే వేరు. మరియొక మాట. హెచ్.డి.ఎల్. తక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వచ్చునను మాట సత్యమే. కాని మందులతో దానిని పెంచి చూచిన ప్రయత్నములు గుండెను కాపాడలేకపోయినవి. ఎల్.డి.ఎల్. సంగతి అట్లు కాదు. దానిని తగ్గించిన కొలది మేలు కనబడుచునే ఉన్నది.

ఇక నాళము మాట. ధమని అనునది రబ్బరు గొట్టము కాదు. దాని లోపలి అంచున ఒక్క కణము మందము గల పలుచని పొర పరచియుండును. నెత్తురు ఎక్కువగా కావలసినప్పుడు నాళమును విప్పునదియు, నెత్తురు అనవసరముగా గడ్డకట్టకుండ చూచునదియు ఆ పొరయే. అది వెలువరించు నైట్రిక్ ఆక్సైడు అను వాయువే ఈ పనికి సంకేతమని కనుగొన్నందులకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను ముగ్గురికి నోబెలు బహుమానము లభించినది. రక్తపోటు, మధుమేహము, చుట్టబీడీల పొగ, ఇవి ఆ పొరను గాయపరచును. పొర బలహీనపడిన తావున, ముఖ్యముగా నాళము రెండుగా చీలు మలుపులయందు, ఎల్.డి.ఎల్. పడవలు గోడ లోనికి జొరబడును. ప్రవాహములో పడవలు ఎంత దట్టముగా ఉన్న, అంత ఎక్కువగా జొరబడును. అక్కడ చిక్కుకొని చెడిపోవును. చెడిన దానిని శుభ్రపరచుటకు తెల్లకణములు వచ్చి మ్రింగును. మ్రింగి మ్రింగి కొవ్వుతో ఉబ్బి, అవియు అక్కడనే చచ్చును. కొన్ని ఏండ్లకు గోడ లోపల మెత్తని కొవ్వుముద్దయు, దానిపై గట్టి నారతో ఒక మూతయు ఏర్పడును.

చూడుడు, ఇది అడుగున పేరుకొను ఒండ్రు కాదు. గట్టు లోపల ఊరు ఊట. కాలువ క్రింద సేద్యము చేయు రైతునకు దీని అర్థము వెంటనే తెలియును. పూడిక వలన నీరు కొంచెము కొంచెముగా తగ్గును. రైతు చూచి జాగ్రత్తపడును. గట్టు లోపల ఊట పట్టినచో పైకి ఏమియు కనబడదు. నీరు నిండుగనే పారుచుండును. ఒకనాటి రాత్రి గండి పడును. గుండెపోటులో చాలవరకు జరుగునది అదియే. కొవ్వుముద్దపైనున్న మూత పలుచనై చిట్లును. గాయము తగిలిన తావున నెత్తురు గడ్డకట్టుట దాని స్వభావము. ఆ గడ్డ నాళమును నిమిషములలో మూసివేయును. గుండె నాళమైన గుండెపోటు, మెదడు నాళమైన పక్షవాతము. నిన్నటి వరకు బస్తాలు మోసిన మనిషి నేడు కూలిపోవుటకు కారణమిది. నాళము సగము కూడ మూసికొనని తావున గండి పడుటయు కలదు. "మొన్న పరుగెత్తినాడు, నిన్న ఈదినాడు, ఏమియు లేదు" అను సాక్ష్యమునకు విలువలేదు.

ఈ ఊట ఎప్పుడు మొదలగునో వినిన మన శ్రోతలకు ఆశ్చర్యము కలుగవచ్చును. కొరియా యుద్ధములో మరణించిన అమెరికా సైనికులలో 300 మంది గుండెలను కోసి చూచి, 1953లో వైద్యులు ఒక నివేదిక ప్రకటించిరి. ఆ సైనికుల సగటు వయస్సు 22 ఏండ్లు. వారిలో నూటికి 77 మంది గుండె నాళములలో ఈ వ్యాధి ఏదో యొక దశలో కనబడినది. అనగా ఏబదవ ఏట పడు గండికి ఊట ఇరువదవ ఏటనే మొదలైయుండును.

కొలెస్టరాలే దీనికి మూలమని తేలుటకు చాలకాలము పట్టినది. 1913లో రష్యాదేశమున ఆనిచ్‌కోవ్ అను శాస్త్రజ్ఞుడు కుందేళ్ళకు కొలెస్టరాలును నూనెలో కలిపి పెట్టగా, వాటి ధమనులలో మానవుల వ్యాధివంటి కొవ్వు మచ్చలే పుట్టెను. కుందేలు శాకాహారి గదా, దానికి కొవ్వు పెట్టిన చెడిపోదా యని చాలామంది నవ్విరి. నవ్వినవారిది పూర్తిగా తప్పనియు అనలేము. కుక్కలపై చేసిన పరీక్షలలో అట్టి ఫలితము రాలేదు. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అను పట్టణమున 5209 మందిని చేర్చుకొని, రెండేండ్లకొకసారి పరీక్షించుచు, ఎవరికి గుండెజబ్బు వచ్చునో దశాబ్దముల తరబడి వేచి చూచిరి. రక్తములో కొలెస్టరాలు, రక్తపోటు, పొగ, ఈ మూడును ముందుగానే అపాయమును సూచించుచున్నవని అక్కడ స్పష్టమైనది.

అయినను, అపాయమును సూచించునది వేరు, అపాయమును కలిగించునది వేరు. నది ఎఱ్ఱబడిన వరద రాబోవుచున్నదని తెలియును. ఎఱుపు వరదకు కారణము కాదు. ఈ చిక్కు విడిపోయినది ఒక వంశవ్యాధి మూలమున. కొన్ని కుటుంబములలో తరతరములుగా చిన్న వయస్సులోనే గుండెపోట్లు వచ్చును. బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అను ఇరువురు వైద్యులు డల్లాస్ నగరమున 1970 దశకములో వారి కణములను పరీక్షించి, కాలేయము ఎల్.డి.ఎల్. పడవలను లాగుకొని దింపుకొను రేవులు వారిలో తక్కువగా ఉన్నవని కనుగొనిరి. రేవులు లేనందున పడవలు రక్తములోనే తిరుగాడుచు గోడలలో జొరబడుచున్నవి. 1985లో వారికి నోబెలు బహుమానము వచ్చినది. తలిదండ్రులలో ఒకరినుండి ఈ లోపము సంక్రమించినవారు రెండువందల ఏబది, మూడువందల మందికి ఒకరు చొప్పున ఉందురు. ఇరువురినుండి సంక్రమించిన బిడ్డకు ఇరువదేండ్లు నిండకుండగనే గుండెపోటు రావచ్చును.

ఇక్కడ మన దేశాచారమును గురించి చెప్పక తప్పదు. మేనరికము మనకు ప్రియమైన సంబంధము. ఆస్తి చెదరదు, అత్తగారు మేనత్తయే, పిల్ల పరాయి ఇంట ఏడ్వదు, ఇన్ని సుఖములున్నవి. మేము దానిని నిందించుట లేదు. కాని తాతగారి రక్తములోని ఒక లోపము కొడుకు వైపునను, కూతురు వైపునను దిగి, మేనరికపు పెండ్లిలో మరల ఒక్కచోట చేరుటకు అవకాశము కలదు. ఇంటిలో మగవారెవరైనను ఏబదియైదేండ్ల లోపున, ఆడువారు అరువదియైదేండ్ల లోపున గుండెపోటుతో పోయినచో, కనురెప్పలపై పసుపు మచ్చలు గాని, మడమ వెనుక నరమున, చేతి కణుపులపై గట్టి బుడిపెలు గాని, నలుబదియైదేండ్లు నిండకుండగనే కంటి నల్లగుడ్డు చుట్టును తెల్లని వలయము గాని కనబడినచో, ఆ ఇంటివారందరును, పిల్లలతో సహా, ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనవలెను. మన పడవవాని మడమ వెనుక అట్టి బుడిపె ఉండెను. రెండేండ్ల క్రిందట మేము కాగితము చూచితిమి గాని కాలు చూడలేదు.

పల్లెలలో ఈ జబ్బు లేదను మాట మనలో ఇంకను కొందరు పలుకుచుందురు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003–04 సంవత్సరములలో ఒక ఏడాదిపాటు జరిగిన మరణములన్నిటిని విచారించిరి. 1354 మరణములలో నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బుల వలననే. అంటువ్యాధుల వలన జరిగినవి అందులో సగము కూడ లేవు. 1959 వరకు భద్రాచలము తాలూకా తూర్పు గోదావరి జిల్లాలోనిదే. ఆ గ్రామములు వేరైనను ఆ బ్రతుకు మనకు తెలియనిది కాదు.

అట్లని ఈ జబ్బు మనుష్యజాతికి తప్పనిదియు కాదు. దక్షిణ అమెరికాలో బొలీవియా అడవులలో చిమానే అను ఆటవికజాతి కలదు. వేట, చేపలు, అరటి, వరి, కర్రపెండలము వారి ఆధారము. వారిలో 705 మంది గుండెలను యంత్రముతో చిత్రించి చూడగా, 85 వంతుల మందికి గుండె నాళములలో సున్నపు మచ్చయే లేదని 2017లో ప్రకటించిరి. వారి ఎల్.డి.ఎల్. సగటు 91. వారు అంటువ్యాధులతో మిక్కిలి బాధపడువారే. వారి జీవితము స్వర్గమని కాదు. కాని నాళములు ముదిమిలో కూడ శుభ్రముగా ఉండగలవనుటకు వారు సాక్షులు.

మన అడవి అంచున ఉన్న కోయ కుటుంబముల తిండి మా కన్నుల ఎదుటనే మారినది. జొన్న అంబలి, కొర్రలు, పప్పులు, అడవి దుంపలు, ఆకుకూరలు ఒకప్పటి ఆహారము. ఇప్పనూనె వాడెడివారు; చలికి గడ్డకట్టు నూనె అది, ఎల్.డి.ఎల్.ను పెంచు కొవ్వులు అందు సగమునకు కొంచెము తక్కువగా ఉండును. అయినను గింజ ఏరి, ఎండబెట్టి, దంచి, గానుగ ఆడించి తెచ్చుకొను నూనెను ఎవడు కుండలకొలది పోసికొనును? శ్రమయే దానికి కొలత. ఇప్పుడు సంతలో నూనె ప్యాకెట్టు దొరకును. బజ్జీల బండి ఊరూర వెలసినది. మరిగిన నూనె మరల మరల మరుగును.

ఆ ప్యాకెట్ల మీద "కొలెస్టరాలు లేనిది" అని వ్రాయుదురు. అది సత్యమే. కాని చెట్టునుండి వచ్చిన ఏ నూనెలోను చెప్పుకొనదగినంత కొలెస్టరాలు ఉండనే ఉండదు. ఇది ఉప్పు పొట్లము మీద "ఎముకలు లేనిది" అని వ్రాసినట్లుండును. చూడవలసినది వేరు. గడ్డకట్టు స్వభావము గల కొవ్వు ఎంత యున్నదనునదే ప్రశ్న. అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతములలో తోటలుగా పెరుగుచున్న ఆయిల్‌పాం పండునుండి వచ్చు నూనెలో అట్టి కొవ్వు దాదాపు సగముండును. అది విషమనుట లేదు. నువ్వుల నూనె, వేరుసెనగ నూనె, తవుడు నూనెలతో మార్చి మార్చి, మితముగా వాడుకొనుడనుచున్నాము. వనస్పతి సంగతి మరింత చెడ్డది. నూనెను కృత్రిమముగా గడ్డకట్టించునప్పుడు పుట్టు ట్రాన్స్ కొవ్వు ఎల్.డి.ఎల్.ను పెంచి, హెచ్.డి.ఎల్.ను తగ్గించును. నూనెలలో అది నూటికి రెండు పాళ్ళకు మించరాదని 2022 జనవరి నుండి మన దేశమున నిబంధన వచ్చినది. నిబంధన నూనె డబ్బాకు వర్తించును గాని బజ్జీల మూకుడులో మరుగు నూనెను ఎవరు కొలిచెదరు?

గ్రుడ్డును గురించి చాలమంది అడుగుదురు. పచ్చసొనలో ఇంచుమించు 200 మిల్లీగ్రాముల కొలెస్టరాలున్నది. అయినను తిన్న కొలెస్టరాలు కంటె తిన్న కొవ్వు స్వభావమే రక్తములోని ఎల్.డి.ఎల్.ను ఎక్కువగా మార్చును. ఆరోగ్యవంతుడు రోజుకొక గ్రుడ్డు తిన్నందువలన భయపడనక్కరలేదు. మధుమేహము గలవారు, వంశమున ఈ జబ్బు గలవారు తమ వైద్యుని అడుగవలెను.

మన దేశీయుల రక్తమునకు మరియొక లక్షణము కలదు. భారత వైద్య పరిశోధన మండలి వారు జరిపించి 2014లో ప్రకటించిన సర్వేలో, ఎల్.డి.ఎల్. హెచ్చుగా ఉన్నవారు నూటికి పండ్రెండుగురే, హెచ్.డి.ఎల్. తక్కువగా ఉన్నవారు మాత్రము 72 మంది. మూడు పూటల తెల్లని అన్నము, తీపి టీ, కదలకుండ కూర్చుండుట, ఇవి ట్రైగ్లిసరైడులను పెంచి హెచ్.డి.ఎల్.ను తగ్గించును. కనుక సన్నని మనిషికి కూడ నాళముల జబ్బు రాగలదు.

కొలెస్టరాలు ఒక్కటియే నాళముల తలవ్రాత కాదనుటకు మన తెలుగునేల మీదనే ఒక చక్కని ఉదాహరణము దొరకినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 1987–90 సంవత్సరములలో ఆ నగర సమీపమున 15 గ్రామముల గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయాల పిండితో వండిన ఉప్మా రోజును పెట్టించిరి. మరి 14 గ్రామములలో ఆ యేర్పాటు అప్పటికి లేదు. ఆ పిల్లలు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారైన పిదప, 1165 మందిని మరల వెదకి పట్టుకొని పరీక్షించిరి. ఉప్మా తిన్న గ్రామముల పిల్లలు కొంచెము పొడగరులు, అది ఊహించదగినదే. వారి ధమనులు రెండవ వారి ధమనులకంటె మెత్తగా, సాగుడు గుణముతో ఉండెను. ఇన్సులిను వారి శరీరములో మెరుగుగా పనిచేయుచుండెను. రక్తములోని కొవ్వులలో మాత్రము చెప్పుకొనదగిన భేదము లేదు! తల్లి గర్భములోను, తొలి యేండ్లలోను దొరకిన కూడు పదునైదేండ్ల తరువాత నాళపు గోడలో కనబడినది. 2008లో ఈ ఫలితము ప్రకటితమైనది. అంగన్‌వాడీ వంటశాలను చిన్నచూపు చూచువారు దీనిని గుర్తుంచుకొందురు గాక.

ఇక పొగ. వేసవిలో దుమ్ముగూడెము అడవులలో తునికాకు కోత వందల ఇండ్లకు నాలుగు రూకలు తెచ్చునది. ఆకు కోయుట తప్పని మేమెట్లు చెప్పుదుము? ఆ ఆకులో చుట్టిన బీడీ తిరిగి ఆ ఇంటికే వచ్చుట మాకు బాధ. ఎల్.డి.ఎల్. ఎంత తక్కువగా ఉన్నను పొగ త్రాగువాని నాళపు పొర నిత్యము గాయపడుచుండును. చుట్టకైనను ఇదే మాట.

మందును గురించి. జపానుదేశమున అకీరా ఎండో అను శాస్త్రజ్ఞుడు ఆరువేల బూజులను పరీక్షించి, 1973లో బియ్యపు బూజునుండి ఒక పదార్థమును రాబట్టెను. కాలేయము కొలెస్టరాలును తయారుచేయు పనిలో ఒక మెట్టును అది ఆపును. కాలేయము తనకు కావలసినదానికై రేవులను పెంచి, రక్తములోని పడవలను లాగుకొనును, ఎల్.డి.ఎల్. తగ్గును. ఆ వర్గపు మందులే స్టాటినులు. 1994లో స్కాండినేవియా దేశములలో 4444 మంది గుండెరోగులపై జరిగిన పరీక్షలో, మాత్ర తీసికొన్నవారిలో మరణములు మూడింట ఒక వంతుకు కొంచెము తక్కువగా తగ్గినవి. ఎల్.డి.ఎల్. 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారి గుండెపోటు, పక్షవాతముల అపాయము అయిదవ వంతు తగ్గునని ఆ తరువాతి పరీక్షలన్నిటిని కలిపి లెక్కించిరి.

ఈ మాత్ర పూడిక తీయదు. లోపలి ముద్ద కొద్దిగా కుంచించుకొనుట కలదు గాని అసలు మేలు వేరు. కొత్త ఊట తగ్గును, ముద్దలోని మంట చల్లారును, పైమూత గట్టిపడును, గండి పడు అపాయము తగ్గును. మాత్ర మానినచో కొలది వారములలో ఎల్.డి.ఎల్. యథాస్థితికి వచ్చును, ఊట మరల మొదలగును. కాగితము మీద అంకె తగ్గినదన్న మాత్ర పనిచేయుచున్నదని అర్థము, పని ముగిసినదని కాదు. కొందరికి కండరముల నొప్పులు కలుగును. మధుమేహమునకు అంచున ఉన్నవారిలో చక్కెర కొంచెము పెరుగవచ్చును. గర్భిణులు సాధారణముగా వాడరాదు. ఇట్టివి కలిగిన వైద్యునితో చెప్పి మోతాదు గాని మందు గాని మార్చుకొనవలెను. తనంత తాను మానరాదు. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి ఎల్.డి.ఎల్. 70కి లోపుగను, అపాయము మిక్కిలి ఎక్కువగా ఉన్నవారికి 55కి లోపుగను ఉండవలెనని నేటి వైద్యుల మతము.

నది యొడ్డున ఉండువారికి మరియొక సంగతి. వరద రాకమునుపు బియ్యము, కిరసనాయిలు, ఉప్పు అటక మీదికి చేర్చుట మనకు అలవాటు. ఆ మూటలోనే రెండు నెలల మాత్రలను కూడ చేర్చుడు. రొమ్ములో బరువు, ఎడమ చేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి, చల్లని చెమట కనబడినప్పుడు వాయువని వాము నీరు త్రాగి పడుకొనరాదు. దుమ్ముగూడెమునుండి భద్రాచలమునకు గంట లోపు ప్రయాణము, దారి బాగున్నప్పుడు. మూసికొన్న నాళము వెనుకనున్న గుండె కండరము ఆ గంటలోనే చచ్చుటకు మొదలిడును. మూతి వంకరపోయినను, మాట తడబడినను, ఒక చేయి పడిపోయినను ఇదే తొందర పడవలెను.

మన పడవవాడు ఇప్పుడు మాత్రను రాత్రి అన్నము తిన్న తరువాత వేసికొనుచున్నాడు. క్రిందటిసారి చూపిన కాగితములో ఎల్.డి.ఎల్. 66. బీడీ మానుటకు మాత్రము ఏడాది పట్టినది. పడవను తెడ్డు వేసి నడుపుట లేదు, ఇంజను పెట్టించినాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. చెల్లెలి కొడుకునకు ఇచ్చుటకు చిన్ననాడే మాట అనుకొనిరి. మేము మడమ వెనుక బుడిపెను గురించి చెప్పినప్పుడు ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత ఒకనాడు పిల్లను, మేనల్లుని ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చి, "ముందు వీళ్ళ నెత్తురు చూడుండ్రి, అయ్యా. తరువాతనే తాంబూలాలు" అనెను. పిల్లకు 204 వచ్చినది. ఆమెకు పరీక్ష ఏటేట జరుగుచున్నది, మందు ఎప్పుడు మొదలిడవలెనో, బిడ్డలను కనవలసిన కాలములో ఎప్పుడు ఆపవలెనో తల్లికిని, ఆమెకును వివరముగా చెప్పితిమి. మేనల్లునికి 92. పెండ్లి మాఘమాసములో జరిగినది. పిలిచిరి గాని మేము పోలేకపోతిమి.